తీసిన ఫోటో, దిగిన మనిషి, కట్టిన పటం



ఎవరి జ్ఞాపకంగా ఇవాళ కలిశామో ఆయన పేరు రేపు ఈ ఉపన్యాసం అచ్చయ్యే పుస్తకంలో కనబడదు. పేరు వేయవద్దని ఇంటివాళ్లు కోరారు. మన మద్నూర్‌లో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు కూడా తక్కువే. పిల్లలకూ పెద్దలకూ, పటేళ్లకూ హమాలీలకూ ఆయన ‘ఫోటో సారు’. నేనూ అట్లాగే పిలుస్తాను.

ఆయన స్టూడియో అంటే ఒక్క గది. లోపలి గోడకు ఒక పరదా. దాని మీద మెట్లు, స్తంభాలు, దూరంగా చెరువు, చెరువులో రెండు హంసలు. పరదా ముందు రెండు గొడుగు లైట్లు, ప్లాస్టిక్ పూలకుండీ, దారానికి దువ్వెన కట్టిన అద్దం, పౌడరు డబ్బా. పత్తి చేతికొచ్చే కాలంలో ఆ గుమ్మం ముందు చెప్పులు కుప్పపడేవి. మార్కెట్లో కాంటా అయి పైసలు చేతిలో పడ్డాక రైతు ముందు బట్టల దుకాణానికి వెళ్లేవాడు, అటునుంచి ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకొని ఫోటో సారు దగ్గరికి వచ్చేవాడు. ఏడాదికి ఒక్క ఫోటో. తొమ్మిదో తరగతిలో ఉండగా నేను ఆ గదిలో పనికి కుదిరాను. హైపో తొట్టిలోంచి ప్రింట్లు తీసి నీళ్లలో కడిగి, తీగకు క్లిప్పులు పెట్టి ఆరేయడం నా పని. ఎర్ర బల్బు వెలుగులో తెల్ల కాగితం మీద ఒక మొహం మెల్లగా పైకి తేలడం మొదటిసారి చూసినప్పుడు నా ఒళ్లు జలదరించింది. ఈ మాట చెబుతుంటే ఇప్పుడూ జలదరిస్తోంది.

తర్వాత హైదరాబాద్ వెళ్లి చిత్రకళ నేర్చుకున్నాను. ఇప్పుడు నేను వేసే బొమ్మలు కుంచెతో వేసినవి కావు. డిజిటల్ ఫోటోలు తీసి, వాటిని కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చి, చెరిపి, కలిపి కట్టినవి. ‘ఇవి ఫోటోలా, బొమ్మలా?’ అని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్నకు జవాబు నాకు ఈ ఊళ్లోనే దొరికింది. డిజిటల్ ఫోటోతో బొమ్మ కట్టేవాడికి ఎంత స్వేచ్ఛ ఉందో, ఆ ఫోటోలో దిగిన మనిషికి అతడు అంత బాకీ ఉన్నాడు. నా మాట ఇంతే. దాన్ని మనం రోజూ వాడే మూడు క్రియలు పట్టుకొని విప్పుతాను. తీయడం, దిగడం, కట్టడం.

1. తీయడం

బావిలోంచి నీళ్లు తీస్తాం, పెట్టెలోంచి చీర తీస్తాం, ఫోటో కూడా తీస్తాం. అప్పటికే ఉన్నదాన్ని బయటికి తెచ్చినట్టు ఉంటుంది ఆ మాట. సలాబత్‌పూర్ దాటి మహారాష్ట్ర వైపు వెళ్తే మరాఠీలో ఫోటో ‘కాఢ్‌ణే’ అంటారు. అదీ తీయడమే. కానీ వాళ్లు బొమ్మ గీయడానికీ అదే మాట వాడతారు. చిత్రమైనా కాఢ్‌ణే, ఫోటో అయినా కాఢ్‌ణే. దక్కనీలో తస్వీర్ ‘ఉతార్‌నా’, అంటే కిందికి దింపడం. మూడు భాషలు కలిసే ఊరివాళ్లం, మనకు ఈ మూడూ నోట్లో నానిన మాటలే. వాటిలో మరాఠీ మాట నాకు అసలు సంగతికి బాగా దగ్గరగా ఉందనిపిస్తుంది.

రాజా దీన్ దయాళ్ పేరు మీలో చాలామంది విని ఉంటారు. 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో సర్కారీ కొలువు చేస్తూ కెమెరా పట్టాడు. చివరికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానానికి చేరాడు. అప్పుడు మద్నూర్ కూడా ఆ రాజ్యంలోదే. 1894లో నిజాం ఆయనకు ‘ముసవ్విర్ జంగ్’ అని బిరుదు ఇచ్చాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. కెమెరాతో పనిచేసేవాడిని చిత్రకారుల వరసలో కూర్చోబెట్టడానికి ఆ దర్బారుకు ఏ సంకోచమూ కలగలేదు. మనకే తర్వాత ఎప్పుడో కలిగింది.

ఇక మీ జేబులోని కెమెరా సంగతి. 1975లో కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అనే యువ ఇంజనీరు మొదటి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. అది తీసిన బొమ్మలో ఉన్నవి దాదాపు 10,000 చుక్కలు. ఒక్క బొమ్మ క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. అదే కంపెనీలో బ్రైస్ బేయర్ అనే శాస్త్రవేత్తకు 1976లో ఒక పేటెంటు వచ్చింది. ఇప్పటికీ చాలా కెమెరాలు నడుస్తున్నది ఆ పద్ధతి మీదే. అదేమిటో ఒక్క నిమిషం చెప్పనివ్వండి, వెనక వరసలో కెమెరా సంచులు ఒళ్లో పెట్టుకొని కూర్చున్న తమ్ముళ్లకు పనికొస్తుంది. కెమెరా లోపలి పలకకు స్వతహాగా రంగు తెలియదు, వెలుగు ఎంతో మాత్రమే తెలుసు. అందుకని ఒక్కొక్క చుక్క మీద ఒక్కొక్క రంగు గాజు పెడతారు. సగం చుక్కలకు ఆకుపచ్చ, పావు వంతుకు ఎరుపు, పావు వంతుకు నీలం. కోటీ 20 లక్షల చుక్కల ఫోటో అనుకోండి. 60 లక్షల చుక్కలు ఆకుపచ్చనే చూశాయి, 30 లక్షలు ఎరుపును, 30 లక్షలు నీలాన్ని. ఏ చుక్కకైనా మూడింటిలో ఒక్క రంగే తెలుసు. మిగతా రెండూ పక్క చుక్కలను చూసి లెక్కగట్టినవి.

అంటే ‘నేనేమీ ముట్టుకోలేదు, ఉన్నది ఉన్నట్టు తీశాను’ అని మీరన్నప్పుడు కూడా ఆ ఫోటోలోని రంగులో మూడింట రెండు వంతులు కెమెరా ఊహించి నింపిందే. తీయడంలోనే కట్టడం ఉంది. ఇది తెలిశాక ‘కంప్యూటర్‌లో మార్చావు కాబట్టి ఇది అబద్ధం’ అనే మాటకు నేను జంకడం మానేశాను. నిజమూ అబద్ధమూ తేలేది ఇంకోచోట.

2. దిగడం

అది తేలేది ఈ క్రియ దగ్గర. తీసేవాడు ఫోటో తీస్తాడు, ఎదురుగా ఉన్న మనిషి ఫోటో దిగుతాడు. ‘మా చెల్లె పెండ్లిల అందరం ఫోటో దిగినం.’ ఏట్లో దిగినట్టు, బండి దిగినట్టు, తనంతట తాను కాలు మోపి చేసే పని అది. స్టూడియోకు వచ్చిన రైతు పరదా ముందు బిగుసుకుపోయి నిలబడితే పట్నం వాళ్లకు నవ్వొస్తుంది. ఆయన బిగుసుకున్నది భయంతో అనుకుంటారు. తాను పోయాక కూడా గోడ మీద ఉండబోయే మొహాన్ని ఆయన ఆ క్షణంలో ఎంచుకుంటున్నాడు. సారు ఎన్నడూ ‘నవ్వు’ అని అనలేదు. ‘నీకెట్ల నచ్చితే అట్ల నిలవడు’ అనేవారు.

దీన్ దయాళ్ 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో పెట్టాడు. పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్ల కోసం ప్రత్యేకమైన చోటు అది, దాన్ని నడిపిందీ ఒక మహిళే. వ్యాపారం కోసం పెట్టి ఉండవచ్చు. అయినా దిగేవాళ్ల ఇష్టాన్ని గోడలు కట్టి మరీ మన్నించిన ఏర్పాటు అది.

ఈ బాకీ నాకు అర్థమైంది ఒక తప్పు చేశాకే. అది మీ ముందు చెప్పాలి.

సారు కంప్యూటర్ కొన్న కొత్తలో నేను సెలవులకు వచ్చి ఆయనకు సాయంగా కూర్చునేవాణ్ణి. ఒక కొడుకు తల్లిదండ్రులకు జంట పటం కట్టించడానికి వచ్చాడు. తండ్రికి మంచి ఫోటో ఉంది. తల్లికి ఏదీ లేదు, ఎవరి పెళ్లిలోనో గుంపులో దిగిన ఒక్క ఫోటో తప్ప. అందులో ఆమె తల బొటనవేలి గోరంత. స్కాన్ చేసి పెద్దది చేశాను, గీతలు చెరిపాను, చీర మీద పడిన ఎవరిదో చెయ్యి తీసేశాను. చిక్కల్లా ఒకటే. ఫోటోల్లో ఇద్దరూ ఒకే పక్కకు తిరిగి ఉన్నారు. జంట పటంలో ఒకరివైపు ఒకరు తిరిగి ఉంటే అందం కదా అని తల్లి బొమ్మను అద్దంలోలా తిప్పేశాను. ఒక్క మీట నొక్కితే అయిపోయింది. ఇద్దరి వెనకా నీలి మబ్బులు పెట్టాను. కొడుక్కి చూపిస్తే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆ పటం తిరిగొచ్చింది. వెంట ఒక ముసలామె, చనిపోయినామెకు చెల్లెలు. పటం బల్ల మీద పెట్టి ఒకే మాట అంది. ‘ఇది మా అక్క గాదు.’

నాకు కోపం వచ్చింది. కళ్లవే, ముక్కదే, ఆ కట్టూ బొట్టూ అదే. సారు ఏమీ మాట్లాడకుండా భూతద్దం తీసి మొదటి ఫోటో మీద పెట్టారు, తర్వాత నా పటం మీద పెట్టారు. ‘ముక్కెర చూసినవా?’ అన్నారు. ఆమె ముక్కెర కుడివైపు. నేను తిప్పేసరికి ఎడమకు పోయింది. ఎడమ భుజం మీది కొంగు కుడి భుజానికి పోయింది. పాపిట పక్కనున్న చిన్న మచ్చ కూడా పక్క మారింది. కొడుక్కి తెలియలేదు. చిన్నప్పటినుంచి ఎదురుగా కూర్చొని తల దువ్వించుకున్న చెల్లెలికి తెలిసిపోయింది.

సారు ఆ రాత్రి మళ్లీ కూర్చున్నారు. తల్లిని మొదట ఎట్లా ఉందో అట్లాగే పెట్టారు. తండ్రి మొహం మీద వెలుగు ఎటునుంచి పడుతోందో చూసి తల్లి మొహానికి అటునుంచే కొంచెం వెలుగు అద్దారు. ఇద్దరి కళ్లూ ఒకే ఎత్తుకు తెచ్చారు. నీలి మబ్బులు తీసేసి గోడ రంగు పెట్టారు. ‘ఇద్దరూ ఒక్క దిక్కే చూస్తున్నరు కదా సారూ, జంట లెక్క కొడ్తదా?’ అన్నాను. ఆయన చెప్పిన మాట నేను మరిచిపోలేదు. ‘ఒక్క దిక్కు చూసుకుంటనే బతికిండ్రు. గట్లనే ఉండనీ.’

ఆ పటం చూసి ముసలామె చాలాసేపు ఏమీ అనలేదు. కొంగు చివరతో గాజు తుడిచి చంకన పెట్టుకొని వెళ్లిపోయింది.

ఆలోచించండి. సారు కట్టిన ఆ పటం కూడా కల్పనే. ఆ ఇద్దరూ ఎన్నడూ పక్కపక్కన నిలబడి ఫోటో దిగలేదు. ఆ వెలుగు ఎప్పుడూ పడలేదు, ఆ గోడ ఎక్కడా లేదు. నేను చేసినదానికంటే ఆయన చేసిన మార్పులే ఎక్కువ. అయినా ఆయనది చెల్లింది, నాది చెల్లలేదు. ఎంత మార్చామన్నది ఇక్కడ లెక్కకు రాలేదు. దిగిన మనిషి తనదిగా నిలుపుకున్నది మిగిలిందా లేదా అన్నదే లెక్కకు వచ్చింది.

3. కట్టడం

ఫోటోను అద్దం బిగించి గోడకు వేలాడదీయిస్తే ‘పటం కట్టించినం’ అంటాం. ఇల్లు కట్టినట్టు, బతుకమ్మకు పూలు పేర్చినట్టు, వరసగా చేసే పని. కంప్యూటర్ రాకముందు కూడా ఫోటోలను ఇలా కట్టేవాళ్లున్నారు. 1857లో ఇంగ్లండులో ఆస్కార్ రెయిలాండర్ 30కి పైగా నెగిటివ్‌లను కలిపి ఒకే పెద్ద చిత్రం కట్టాడు. అంత దూరం ఎందుకు, మన సినిమానే చూద్దాం. 1961లో ఎన్.టి. రామారావు గారు తీసిన ‘సీతారామ కల్యాణం’లో రావణుడి పది తలలు గుర్తున్నాయా? ఛాయాగ్రాహకుడు రవికాంత్ నగాయిచ్‌కు అదే మొదటి సినిమా. కటకం ముందు మాస్కు పెట్టి ఫ్రేములో కొంత భాగాన్నే తెరిచి ఒక తల తీయడం, అదే ఫిల్మును వెనక్కి తిప్పి ఇంకో భాగం తెరిచి ఇంకో తల తీయడం. అన్నిసార్లూ ఆ మనిషి కదలకూడదు, వెలుగు మారకూడదు. ఒక్క తల తప్పితే పదీ పోయినట్టే.

థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ముల ఫోటోషాప్ 1990లో బజారుకొచ్చింది. లేయర్లు మాత్రం 1994లో మూడో వెర్షన్‌తో వచ్చాయి. వెనక వరస తమ్ముళ్లకు లేయర్ మాస్క్ అంటే విప్పి చెప్పక్కరలేదు. నగాయిచ్ కటకం ముందు పెట్టిన నల్ల మాస్కు అదే. తేడా ఏమిటంటే ఆయనకు తప్పు దిద్దుకునే వీలు లేదు, మనకు వెయ్యిసార్లు ఉంది. వీలు పెరిగేకొద్దీ చెయ్యి తొందరపడుతుంది, ముక్కెర పక్క మారుతుంది.

మన దేశంలో ఈ మాధ్యమంలో నేను మళ్లీ మళ్లీ చూసే పని వివాన్ సుందరంది. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ ఆయనకు పెద్దమ్మ, తల్లి తోడబుట్టింది. తాత ఉమ్రావ్ సింగ్ ఇంట్లోవాళ్లను విడవకుండా ఫోటోలు తీసేవాడు. 2001, 2002 సంవత్సరాల్లో వివాన్ ఆ పాత ఫోటోలను కంప్యూటర్‌లో కలిపి ‘రీ-టేక్ ఆఫ్ అమృతా’ అనే వరస చిత్రాలు కట్టాడు. వేరువేరు కాలాల్లో దిగిన ఇంటి మనుషులు ఒకే గదిలో కనబడతారు. అతుకు ఎక్కడో కన్ను పట్టలేదు, కానీ అతుకు ఉందని మనసుకు తెలుస్తూనే ఉంటుంది. అందరూ తన ఇంటివాళ్లే. ఎవరి ముక్కెర ఏ పక్కనో తెలిసినవాడు కట్టిన పటాలవి.

నా పద్ధతి అడిగేవాళ్లున్నారు కాబట్టి ఒక్క బొమ్మ ఎలా కట్టానో చెబుతాను. మన మార్కెట్లో ఒక చలికాలం ఉదయం ఆరింటికి స్టాండు వేసి కెమెరా బిగించాను. మధ్యాహ్నం దాకా దాన్ని కదపలేదు. బండ్లు వచ్చాయి, బోరాలు దిగాయి, కాంటా నడిచింది, దూది పింజలు నేలమీద దొర్లాయి. మొత్తం 41 ఫోటోలు. ఇంటికెళ్లి వాటన్నిటినీ ఒకే ఆవరణలో పేర్చాను. పొద్దున్నే చలిమంట కాచుకున్నవాళ్లూ, పదింటికి బోరాలు మోసినవాళ్లూ, పన్నెండింటికి సద్ది మూట విప్పినవాళ్లూ పక్కపక్కన. అక్కడ నీడల దగ్గర చిక్కు వచ్చింది. పొద్దుటి మనిషి నీడ పడమటికి బారెడు సాగి ఉంటుంది, మధ్యాహ్నం మనిషి నీడ ఉత్తరానికి తిరిగి పొట్టిగా ఉంటుంది. అన్నిటినీ ఒకే కొలతకు దిద్దితే చూసేవాడికి అనుమానం రాదు. రెండు రోజులు దిద్దాను కూడా. ఎంత నున్నగా వచ్చిందో అంత చచ్చినట్టు ఉంది బొమ్మ. మూడో రోజు ఎవరి నీడ వాళ్లకు తిరిగిచ్చేశాను. ఇప్పుడు ఆ బొమ్మలో గడియారం అక్కరలేదు. ఏ మనిషి ఎన్నింటికి ఎండలో ఉన్నాడో అతడి నీడే చెబుతుంది.

చిన్న ప్రింటు తీసుకొని మళ్లీ మార్కెట్‌కు వచ్చాను, అందులో దిగినవాళ్లకు చూపించడానికి. దాదాపు అందరూ సంబరపడ్డారు. రాలిన పింజలు ఏరుకునే ఒక అక్క మాత్రం చాలాసేపు చూసి, ‘ఫోటో తీసినవ్ మంచిదే, గని నన్ను తీసెయ్యి తమ్మీ’ అంది. నేల మీద వంగి ఏరుకోవడం నలుగురూ చూడటం ఆమెకు ఇష్టం లేదు. ఆ మూల బొమ్మకు ఆమే ప్రాణం. అయినా తీసేస్తానన్నాను. ‘నీ నీడ ఉంచుకోవాల్నా అక్కా?’ అని అడిగాను. ఆమె ఆలోచించి, ‘నీడ ఎవ్వలదైతేంది, ఉంచుకో’ అంది. బొమ్మలో ఇప్పుడు కుడివైపు కింద మనిషి లేని ఒక వంగిన నీడ ఉంది. అందరూ ముందు అక్కడికే చూస్తారు.

4. దిగినవాళ్లు లేని ఫోటో

ఈ మధ్య ఇంకో రకం వచ్చింది. నాలుగు మాటలు టైపు చేస్తే చాలు, యంత్రమే మనిషిని పుట్టిస్తుంది. ముడతలుంటాయి, ముక్కెర ఉంటుంది, కళ్లలో వెలుగు ఉంటుంది. 2023లో జర్మన్ కళాకారుడు బోరిస్ ఎల్డాగ్‌సెన్ అలాంటి చిత్రాన్ని సోనీ ప్రపంచ ఛాయాచిత్రాల పోటీకి పంపాడు. బహుమతి వచ్చింది. ఇది ఫోటో కాదు, యంత్రం చేసింది అని తానే చెప్పి బహుమతి వద్దన్నాడు. ఆ నిజాయితీకి నేను నమస్కరిస్తాను.

ఆ బొమ్మలు అందంగా లేవని నేను అనను. వాటితో కళ చేసేవాళ్లు చేయవచ్చు. కానీ అందులో ఎవరూ దిగలేదు. ‘ఇది మా అక్క గాదు’ అని పటం తిరిగి తెచ్చే చెల్లెలు లేదు. ‘నన్ను తీసెయ్యి’ అనే అక్క లేదు. అడ్డం చెప్పేవాళ్లు లేనిచోట పని సులువు. నాకు ఆ అడ్డమే కావాలి. ఆ అడ్డం వల్లే నా బొమ్మకు వంగిన నీడ దొరికింది.

వార్తా ఛాయాచిత్రం మాట వేరు. అక్కడ కట్టడానికి చోటు లేదు, ఉండకూడదు. వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో చివరి దశకు వచ్చినవాళ్లను కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైళ్లు అడుగుతారు. అది సబబే. కట్టిన పటాన్ని తీసిన ఫోటో అని నమ్మించడం మాత్రం ఎవరు చేసినా మోసమే.

తమ్ముళ్లారా, ఈ ఊళ్లో డిజిటల్ ఫోటో కళ ఎవరిదని అడిగితే నేను మీ వైపే చూపిస్తాను. పెళ్లి ఆల్బములు కట్టేది మీరు. బజారులో ఫ్లెక్సీల మీద మొహాలు అతికేది మీరు. పోయినవాళ్ల పటాలు కట్టేది మీరు. రాత్రంతా కూర్చొని కటింగులు చేసే మీ చేతుల్లో ఎంత నేర్పుందో నాకు తెలుసు. పెళ్లికూతురి వెనక ఈఫిల్ టవర్ పెట్టినా నాకు అభ్యంతరం లేదు, సారు పరదా మీద హంసలూ అలాంటివే. ఒక్కటి అడుగుతాను. మొహాన్ని తెల్లగా చేసే మీట నొక్కేముందు, అది ఆ పిల్ల అడిగిందా అని ఆలోచించండి. నల్లరేగడి చేలలో పెరిగిన పిల్లకు తన ఆల్బములో తన మొహం దొరకాలి. అసలు ఫైళ్లు చెరిపేయకండి, ఎవరివో రాసి దాచండి. ఇరవై ఏళ్లకు ఏ చెల్లెలు ఏ పటం తెస్తుందో చెప్పలేం.

ఇంకొక్క సంగతి. ఇలాంటి చిత్రాలు తరాలపాటు నిలవాలని మేం మంచి కాగితం మీద ప్రింటు తీస్తాం. దాంట్లో ఉన్నది పత్తి. జిన్నింగులో దూది వేరయ్యాక కూడా గింజను అంటిపెట్టుకొని సన్నని నూగు మిగులుతుంది కదా, నూనె మిల్లులో దాన్ని ఒలుస్తారు. ఆ నూగుతోనే అలాంటి కాగితం చేస్తారు. మార్కెట్ బొమ్మను అటువంటి కాగితం మీదే ప్రింటు తీశాను. వెళ్లేటప్పుడు చూడండి, వేలితో అంచు తాకవచ్చు.

దాని పక్కన ఒక పొడుగు బల్ల వేయించాం. సారు నెగిటివ్‌లను కాగితం కవర్లలో వేసి, పైన తేదీ మాత్రమే రాసేవారు. పేర్లు రాసిన రిజిస్టరు వానలకు తడిసి అట్టలా అతుక్కుపోయింది. కవర్లలోంచి 60 మొహాలు స్కాన్ చేసి ప్రింట్లు పరిచాం. పత్తి అమ్ముకొని వచ్చి, కొత్త బట్టలు కట్టుకొని, హంసల పరదా ముందు దిగినవాళ్లు. వాళ్లతో ఒక పెద్ద పటం కట్టాలని నా కోరిక. వాళ్లెవరో తెలియకుండా ఒక్క మొహాన్నీ ముట్టుకోను. కొన్ని ప్రింట్లు నెగిటివ్‌ను తిరగేసి పెట్టడం వల్ల అటుదిటు అయ్యాయేమో అన్న అనుమానం కూడా ఉంది. బల్ల మీద పెన్సిళ్లున్నాయి. మీ అమ్మో, మీ మేనత్తో, మీ తాతో కనబడితే ప్రింటు వెనక పేరు రాయండి. తెలుగులో, మరాఠీలో, కన్నడలో, ఎట్లా వస్తే అట్లా. ఆడవాళ్లయితే ముక్కెర ఏ పక్కన ఉండేదో అది కూడా రాయండి.